మోదుగకు వాసన ఎందుకుండాలి?

చదువు లేనివాణ్ని మోదుగ పువ్వుతో పోల్చే సంస్కృత శ్లోకం ఒకటుంది. బళ్లో అప్పజెప్పినవాళ్లకు ఇప్పటికీ నోటికి వచ్చే ఉంటుంది. అందముంది, వయసుంది, గొప్ప వంశముంది, విద్య మాత్రం లేదు కాబట్టి వాసన లేని మోదుగ పువ్వులాగా రాణించడని దాని భావం. బూరుగ చెట్టుకూ ఇలాంటి అపకీర్తే. కాయ ఎప్పుడు పండుతుందా అని చిలుక ఆశగా కాచుకుని కూర్చుందట, తీరా అది పగిలి దూది ఎగిరిపోయిందట. మోదుగేమో మన ముక్కుకు పనికిరాలేదు, బూరుగేమో నోటికి పనికిరాలేదు. రెంటినీ కలిపి పనికిమాలినవాటి లెక్కలో రాసేశాం.

ఈ రెండు చెట్ల తరఫున వాదించడానికే ఇది రాస్తున్నాను. మోదుగకు వాసన లేకపోవడం లోపం కాదు. ఆ పువ్వు పిలిచేది పిట్టల్ని. పూల తేనె తాగే పిట్టలు తిండిని ముఖ్యంగా కంటితోనే వెతుక్కుంటాయి. వాసన చూసి పువ్వు దగ్గరికి వచ్చే అలవాటు వాటికి పెద్దగా లేదు. రాని చుట్టం కోసం వంట ఎందుకు చేస్తుంది చెట్టు? ఆ ఖర్చంతా రంగులో పెట్టింది, తేనెలో పెట్టింది. ఆకులన్నీ రాల్చేసి, మోడుగా నిలబడి, మైలు దూరం నుంచి కనబడేలా పూసింది.

మన పాఠ్యపుస్తకాల్లో పరాగ సంపర్కం (పువ్వు నుంచి పువ్వుకు పుప్పొడి చేరడం) అనగానే తేనెటీగ బొమ్మ వేస్తారు. పక్కన గాలి, నీరు, ఆఖర్న 'పక్షులు, జంతువులు కూడా' అని ఒక ముక్క. పరీక్షలో ఆ ముక్కకు అర మార్కు. తేనెటీగ గొప్పతనాన్ని తగ్గించాలని నాకు లేదు. ప్రపంచంలోని పూల మొక్కల్లో నూటికి 87కు పైగా ఏదో ఒక జీవి సాయంతోనే గింజ కడతాయని 2011లో వచ్చిన ఒక లెక్క చెబుతోంది. అందులో సింహభాగం పురుగులదే, సందేహం లేదు. అయితే ఎవరి వాటా వాళ్లకుంది. వెన్నెముక ఉన్న జీవుల్ని, అంటే పక్షులు, గబ్బిలాల వంటివాటిని, పూల దగ్గరికి రానివ్వకుండా వల కట్టి చేసిన ప్రయోగాలన్నిటినీ కలిపి 2018లో లెక్క చూశారు. ఆ మొక్కల్లో కాయలు, గింజలు సగటున 63 శాతం పడిపోయాయి. అర మార్కు విషయం కాదిది.

ఎరుపు సంగతి కాస్త విడమరచి చెప్పాలి. తేనెటీగ కంటికి అతినీలలోహితం, నీలం, ఆకుపచ్చ తెలుస్తాయి. ఎరుపు తెలియదు. నిండు ఎరుపును అది నలుపు నుంచి వేరు చేసి చూడలేదని వందేళ్ల కిందటే కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే శాస్త్రవేత్త ప్రయోగాలు చేసి చూపించాడు. పక్షి కంట్లో రంగుల్ని పట్టే కణాలు నాలుగు రకాలు, మనకు మూడే. ఎరుపు వాటికి బ్రహ్మాండంగా కనిపిస్తుంది. కాబట్టి ఎర్రగా పూయడమంటే తేనెను ఈగల కళ్లకు కొంత మరుగుపరచి పిట్టల కోసం దాచడం. తేనెటీగలు బూరుగ మీదికి అసలు రావని కాదు, వస్తాయి, తేనెపట్టులు కూడా దానికే కడతాయి. కానీ ఆ పువ్వు కొలతలు వాటికి సరిపోవు. అంత పెద్ద పువ్వులో ఒక మూల దూరి తాగి వెళ్లిపోతాయి.

రెండు రాష్ట్రాల అధికారిక పూలు చూడండి. తెలంగాణ పువ్వు తంగేడు. అందులో తేనే ఉండదు, పుప్పొడి మాత్రమే ఉంటుంది. తుమ్మెద వచ్చి కేసరాల్ని పట్టుకుని ఒళ్లు అదిరించి జుమ్మంటే పుప్పొడి చిమ్ముతుంది. అది తుమ్మెదల పువ్వు. ఆంధ్రప్రదేశ్ పువ్వు మల్లె. పొద్దు వాలాక విచ్చుకుని, చీకట్లో తెల్లగా మెరుస్తూ, వాసనతో రాత్రి తిరిగే రెక్కపురుగుల్ని పిలుస్తుంది. రెండూ మంచి ఎంపికలే. పిట్టల పువ్వుకు ఆ గౌరవం మన దగ్గర దక్కలేదు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ మాత్రం మోదుగనే తమ పువ్వుగా పెట్టుకున్నాయి.

మా ఖమ్మం వైపు చెరువుకట్టల మీద, పొలాల మధ్య ఇంకా పెద్ద బూరుగలు కొన్ని మిగిలి ఉన్నాయి. మాఘమాసం ఆఖర్న, పొద్దు పొడిచిన అరగంటలో, అలాంటి చెట్టు కింద నిలబడితే అదో సంత. పువ్వు అరచేయంత ఉంటుంది. అయిదు దళసరి రేకులు, వేలితో నొక్కితే నీరు ఊరేంత కండ. మధ్యలో గుత్తులు గుత్తులుగా కేసరాలు నిక్కపొడుచుకుని ఉంటాయి. అడుగున గిన్నెలో పలచటి తేనె, వంచితే కారేంత ఉంటుంది. గోరింక వచ్చి పువ్వు అంచు మీద వాలి తల మొత్తం లోపలికి దించుతుంది. కేసరాలు దాని నుదుటికి, చెంపలకు, గొంతుకు రాసుకుంటాయి. తల పైకెత్తేసరికి ముఖం నిండా పుప్పొడి. కాకి వాలితే కొమ్మ ఊగుతుంది, కేసరాలు దాని ముక్కు మొదట్లోకి వచ్చి తగులుతాయి. పిగిలిపిట్టలు జంటగా వస్తాయి. ఏట్రింత (పసులపోలిగాడని కొన్నిచోట్ల పిలుస్తారు) పురుగుల కోసం వచ్చి, ఎదురుగా ఉంది కదా అని తేనె కూడా తాగిపోతుంది. ఉడతలు సరేసరి. మధ్యమధ్యలో ఒక్కో పువ్వు దబ్బుమని నేల మీద పడుతుంది. దాన్ని తినడానికి మేకలు కాచుకుని ఉంటాయి. అడవిలో అయితే దుప్పులు.

ఈ సంతలో తేనెపిట్ట చేసే పని గమనించాల్సిందే. ఎనిమిది, తొమ్మిది గ్రాముల పిట్ట. బూరుగ పువ్వు దానికి చాలా పెద్దది. అది పువ్వు వెనక నుంచో పక్క నుంచో వాలి, రేకుల సందులోంచి ముక్కు పెట్టి తేనె లాగేస్తుంది. నేను చూసినంతలో కేసరాలు దాని ఒంటికి తగలను కూడా తగలవు. అంటే బూరుగ దగ్గర తేనెపిట్ట దొంగ. కాకి, గోరింక, పిగిలిపిట్ట పనివాళ్లు.

అక్కడి నుంచి మోదుగ దగ్గరికి వెళ్లండి, లెక్క తారుమారు అవుతుంది. మోదుగ మీద 2003లో ఢిల్లీ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రజ్ఞులు టాండన్, శివన్న, మోహన్ రామ్ ఒక పరిశోధన ప్రచురించారు. చెట్టు మీదికి ఏడు రకాల పక్షులు వచ్చాయి. వాటిలో నిజంగా పుప్పొడి చేర్చినది ఒక్క ఊదా తేనెపిట్ట. పక్షుల్ని పక్కన పెడితే దానితో పాటు ఉడత. మిగతావన్నీ తాగిపోయేవో, పాడుచేసేవో. పువ్వు కట్టడి చూస్తే ఎందుకో తెలుస్తుంది. పైరేకు వెనక్కి విరుచుకుని ఉంటుంది. కింది రేకులు రెండూ కలిసి చిలుక ముక్కులా వంగి, లోపల కేసరాల్నీ, పుప్పొడి అందుకునే కీలాగ్రాన్నీ దాచిపెట్టుకుంటాయి. తేనె అడుగున, నల్లటి నూగు గిన్నెలో ఉంటుంది. తేనెపిట్ట కాడ మీద కూర్చుని ముక్కు దూర్చినప్పుడు ఆ వంపు రేకు కిందికి నొక్కుకుపోతుంది, కేసరాలు బయటికొచ్చి పిట్ట ఒంటికి తగులుతాయి. పొడవు సరిగ్గా కుదిరితేనే ఇది జరుగుతుంది. చిలుక అయితే పువ్వునే తెంపి, అడుగు కొరికి, తేనె నాకి, కింద పడేస్తుంది. మోదుగ కింద పరుచుకునే ఎర్ర తివాచీలో కొంత దాని పనే.

అంటే 'పక్షులు పరాగ సంపర్కం చేస్తాయి' అనే వాక్యం సగమే నిజం. ఏ పువ్వుకు ఏ పక్షి అన్నదే అసలు విషయం. ఒకచోట పనిమంతుడు ఇంకోచోట దొంగ. ఊళ్లో గోరింకలు బోలెడున్నాయి కదా అని మోదుగకు ధీమా లేదు. తేనెపిట్టలు ఉన్నాయి కదా అని బూరుగ నిశ్చింతగా ఉండలేదు. అన్నీ ఉండాలి.

తేనెలో కూడా ఈ పంపకం కనిపిస్తుంది. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే. పూలతేనెలో ముఖ్యంగా మూడు చక్కెరలుంటాయి. చెరకులో ఉండే సుక్రోజు, అది విడిపోతే వచ్చే గ్లూకోజు, ఫ్రక్టోజు. గోరింకల కుటుంబం పక్షుల పేగుల్లో సుక్రోజును విడగొట్టే ఎంజైము లేదు. చెరకు చక్కెర నీళ్లు ఎక్కువగా తాగిస్తే వాటికి అరగదు, విరేచనాలవుతాయి. తేనెపిట్టలకు ఆ ఇబ్బంది లేదు. ఇప్పుడు పూల వైపు నుంచి చూడండి. గోరింక, కాకి, పిగిలిపిట్ట లాంటి రకరకాల పక్షుల మీద ఆధారపడే పూలలో తేనె ఎక్కువగా, పలచగా ఉంటుంది, అందులో సుక్రోజు తక్కువ. తేనె మీదే బతికే సన్నముక్కు పిట్టల కోసం పూసే పూలలో తేనె కొంచెమే, కాస్త చిక్కన, సుక్రోజు పాలు ఎక్కువ. ఎర్రగా పూసే బాడిద చెట్టు (ఎరిథ్రినా) ప్రజాతిలోనే రెండూ దొరుకుతాయి. అమెరికా ఖండంలో హమ్మింగ్‌బర్డ్‌ల కోసం పూసే బాడిద రకాల తేనె సుక్రోజుతో నిండి ఉంటుంది. కొమ్మ మీద వాలి తాగే పక్షుల కోసం పూసేవాటిలో గ్లూకోజు, ఫ్రక్టోజు ఎక్కువ. ఎవరికి ఏది అరుగుతుందో చెట్టుకు తెలిసినట్టే ఉంది. నిజానికి తెలియడం కాదు, లక్షల ఏళ్లుగా అరిగినవాళ్లే మళ్లీ మళ్లీ వచ్చారు, వాళ్లు వచ్చిన చెట్లే గింజ కట్టాయి.

లక్షలు కూడా చిన్నమాటే. జర్మనీలోని మెస్సెల్ గనిలో దొరికిన ఒక పిట్ట శిలాజం కడుపులో పుప్పొడి రేణువులు దొరికాయి. దాని వయసు 4 కోట్ల 70 లక్షల ఏళ్లు. 2014లో ఈ సంగతి ప్రకటించారు.

హమ్మింగ్‌బర్డ్ పేరెత్తాను కాబట్టి ఒక మాట. మన బాల్కనీల్లో వాలే తేనెపిట్ట ఫొటో పెట్టి 'మా ఇంటికి హమ్మింగ్‌బర్డ్ వచ్చింది' అని రాసేవాళ్లను చూస్తుంటాను. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా లేవు. అవి గాలిలో నిలిచి తాగుతాయి. మన తేనెపిట్ట కాసేపు రెక్కలాడిస్తూ నిలవగలదు గానీ, కూర్చుని తాగడానికే ఇష్టపడుతుంది. అందుకే మనవైపు పిట్టల పూలకు కూర్చునే చోటు ఉంటుంది, మోదుగకు మొద్దు కాడలు, బాడిదకు బోడి కొమ్మలు. దక్షిణాఫ్రికాలో బబియానా రింజెన్స్ అనే మొక్క ఉంది. దాని పూలు నేలబారున ఉంటాయి, వాటి పైన పువ్వు పూయని ఒక పుల్ల నిటారుగా లేస్తుంది. తేనెపిట్ట ఆ పుల్లను పట్టుకుని తలకిందులుగా వంగి తాగుతుంది. ఆ పుల్లను తీసేసి చూస్తే గింజలు తగ్గాయి. అతిథికి పీట వేయడం కోసం ఒక మొక్క తన ఒంట్లో ఒక కొమ్మనే కేటాయించింది!

ఇక బదనిక. దీని తరఫున మాట్లాడితే మామిడి రైతులు నా మీదికి వస్తారు, అయినా మాట్లాడతాను. వేప మీద, మామిడి మీద, ఇంకా ఎన్నో చెట్ల మీద పరాన్నంగా పెరిగే గుబురు ఇది. పొడుగాటి గొట్టాల్లాంటి నారింజరంగు పూలు. మొగ్గ మొన ముదిరాక పిట్ట వచ్చి దాన్ని ముక్కుతో అదిమితేనే చటుక్కున విచ్చుకుంటుంది, పుప్పొడి పిట్ట ముఖాన పడుతుంది. తేనెపిట్టలూ, తేనెపిట్ట కన్నా చిన్నదైన బూడిదరంగు పొట్టిముక్కు పిట్ట ఒకటీ, ఈ పని చేస్తాయి. ఆ పొట్టిముక్కు పిట్టే తర్వాత పండు మింగుతుంది. కాసేపటికే గింజ బయటికొస్తుంది, దాని చుట్టూ ఉన్న జిగురు వదలదు. పిట్ట వెనక భాగాన్ని కొమ్మకు రాసి వదిలించుకుంటుంది. గింజ అక్కడే అంటుకుని మొలుస్తుంది. పువ్వుకు పెళ్లి చేసి, పిల్లను కాపురానికి కూడా అదే పంపుతుంది. ఎండలు మండే నెలల్లో, వేరే పూలు లేనప్పుడు, ఊళ్లలో తేనెపిట్టలకు ఆధారం చాలాచోట్ల ఈ బదనికే. మామిడి తోటలో కొట్టేయండి, అది బతుకుతెరువు. రోడ్డు పక్క వేప మీద, చెరువుగట్టు చెట్టు మీద ఉన్నదాన్ని కూడా శుభ్రం చేయడం పేరిట నరకడం ఎందుకు?

ఈ సంబంధాన్ని మన దేశంలో తొలి రోజుల్లోనే పట్టించుకుని రాసినవాళ్లలో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ఒకరు. కొంకణ్‌లో బదనిక వ్యాప్తిలో తేనెపిట్టల పాత్ర గురించి 1931లో, భారతదేశపు పిట్టల పూల గురించి, పూలపిట్టల గురించి 1932లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రాశారు. ఆ రోజుల్లోనే ఆయన హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే కూడా చేశారు. ఆ తర్వాత మన దగ్గర ఈ పనిని ఓపికగా చేసినవాళ్లు విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు. తూర్పు కనుమల్లో బూరుగ మీద ఎ.జె. సాల్మన్ రాజు బృందం చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. దాన్నిబట్టి బూరుగకు పని చేసిపెట్టేవి గబ్బిలాలు, పక్షులు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, బూరుగ తన పుప్పొడితో తాను కాయ కట్టదు. ఇంకో బూరుగ నుంచి పుప్పొడి రావాల్సిందే.

ఈ ఒక్క వాక్యం దగ్గర ఆగి ఆలోచించాలి. ఊళ్లో ఒక్కటే బూరుగ మిగిలిందనుకోండి. మిగతావి అగ్గిపుల్లలకో, ప్లైవుడ్‌కో, రోడ్డు వెడల్పుకో పోయాయి. ఈ ఒక్కటీ ఏటా పూస్తుంది, వేల పూలు. పక్షులు వస్తాయి, తాగుతాయి, ఈ కొమ్మ నుంచి ఆ కొమ్మకు పుప్పొడి మోస్తాయి. అది చెట్టుకు ఎందుకూ కొరగాదు. పక్క ఊరి బూరుగ నుంచి ఒక గోరింకో ఒక గబ్బిలమో ముఖానికి పుప్పొడి అంటించుకుని వస్తే తప్ప కాయ లేదు. చాలా పురుగులకు కష్టమైన పని ఇక్కడే బయటపడుతుంది. పొలాలు దాటి, వాగులు దాటి, ఎడంగా ఉన్న చెట్టునూ చెట్టునూ కలపగలిగేది ఎక్కువగా రెక్కబలం ఉన్న పిట్టో గబ్బిలమో. చెట్లు పలచబడే కొద్దీ పిట్ట విలువ పెరుగుతుంది.

'చెట్టు ఉంది కదా, ఏటా పూస్తోంది కదా, ఇంక బాధేముంది' అనేవాళ్లకు న్యూజిలాండ్ కథ చెబుతాను. అక్కడి ఉత్తర దీవిలో రాబ్డోథామ్నస్ అనే పొద ఉంది. బెల్‌బర్డ్, స్టిచ్‌బర్డ్ అనే పిట్టలు దానికి పుప్పొడి చేర్చేవి. ఎలుకలు, బయటి నుంచి వచ్చిన ఇతర జంతువుల దెబ్బకు 1870 ప్రాంతంలో ఆ దీవి ఉత్తర భాగంలో ఆ పిట్టలు లేకుండా పోయాయి. చుట్టుపక్కల చిన్న దీవుల్లో మాత్రం మిగిలాయి. పొద కనిపించడానికి రెండుచోట్లా బాగానే ఉంది, పచ్చగా ఉంది, పూస్తోంది. 2011లో రెండుచోట్లా లెక్క తీసి పోల్చారు. పిట్టలు లేనిచోట గింజలు 84 శాతం తక్కువ. పిల్లమొక్కలు 55 శాతం తక్కువ. పెద్ద మొక్కలు దీర్ఘాయుష్షు కలవి కావడంతో, జరుగుతున్న నష్టం నూటనలభై ఏళ్లపాటు ఎవరి కంటా పడలేదు. చెట్టు నిలబడి ఉండటం, చెట్టు వంశం నిలబడటం రెండూ ఒకటి కావు.

మన మోదుగకు ఆ స్థితి వచ్చిందని నేననడం లేదు. తేనెపిట్టలు మన ఊళ్లలో, పట్నాల్లో ఇంకా దండిగానే ఉన్నాయి. అందుకే ఇప్పుడు మాట్లాడాలి. మోదుగ కాయ ఒక్కో దానిలో ఒక్కటే గింజ, పలచటి కాయ కొసన. ఒక గింజ దక్కాలంటే ఒక పువ్వు దగ్గర ఒక పిట్ట సరైన పని చేసి ఉండాలి. చెట్టంతా ఎర్రబారి పూసినా కాయగా మారేవి కొద్దే. అంత పూత చూసి 'ఎంత దుబారా' అనిపిస్తుంది గానీ, ఆ దుబారా కూడా పిట్టను రప్పించుకునే ఖర్చే.

నాతో వాదించేవాళ్లు చెప్పేవి రెండు మూడు మాటలున్నాయి. మొదటిది, మన తిండి పంటలేవీ పిట్టల మీద ఆధారపడవు కదా అని. నిజమే. వరి తన పుప్పొడితోనే గింజ కడుతుంది, కందికి, నువ్వుకు పురుగులు చాలు. కానీ మోదుగ ఆకు విస్తరి కుట్టుకుని బతికే ఇళ్లు ఈనాటికీ ఉన్నాయి. బూరుగ దూది దిండ్లు, హోలీకి మోదుగ పూల రంగు, ఆ చెట్ల మీది తేనెపట్టులు, వేసవిలో రాలిన పూలు తినే దుప్పులు, ఇవన్నీ ఆ గింజ నుంచే వచ్చాయి. అయినా, మనకు అన్నం పెట్టేదానికే బతికే హక్కుందని నేను ఒప్పుకోను.

రెండోది, ఇంట్లో హామీలియా, టెకోమా లాంటి మొక్కలు పెంచితే తేనెపిట్టలు వస్తున్నాయి కదా అని. రానివ్వండి, మంచిదే, నేనూ పెంచుతాను. హామీలియా అమెరికా మొక్క, అక్కడి హమ్మింగ్‌బర్డ్‌లు దానికి అలవాటు. మన తేనెపిట్ట చాలాసార్లు పువ్వు అడుగున చిల్లు పొడిచి తాగిపోతుంది. పిట్ట కడుపు నిండుతుంది సరే, మన అడవి చెట్టు దేనికీ దానివల్ల గింజ రాదు. పిట్టకు అన్నం పెట్టడం ఒకటి, పిట్టకూ చెట్టుకూ మధ్య ఉన్న పనిని బతికించడం ఇంకొకటి. ప్లాస్టిక్ గిన్నెల్లో చక్కెర నీళ్లు వేలాడదీసేవాళ్లను మాత్రం గట్టిగానే వారిస్తాను. మన ఎండకు పూటలో పులిసిపోతాయి, రోజూ కడగకపోతే బూజు పడుతుంది. పైగా ఇందాక చెప్పినట్టు, గోరింక జాతికి ఆ చక్కెర అరగనే అరగదు.

మూడో మాట పచ్చదనం గురించి. పచ్చగా ఉంటే చాలు, ఏ చెట్టైతేనేం అంటారు. రెండు రాష్ట్రాల్లోనూ రోడ్ల మధ్య డివైడర్ల మీద కిలోమీటర్ల కొద్దీ కోనోకార్పస్ కనిపిస్తుంది. తొందరగా ఎదుగుతుంది, ఏడాదంతా పచ్చగా ఉంటుంది. అధికారులకు నచ్చడానికి అన్ని లక్షణాలూ ఉన్నాయి. దాని పూలు చిన్న గుండ్లు, తేనెపిట్టకు వాటితో పని లేదు. పక్షి వైపు నుంచి చూస్తే అది పచ్చరంగు వేసిన గోడ. మోదుగ, బూరుగ, బాడిద ఏడాదిలో కొన్ని నెలలు మోడుగా ఉంటాయని, ఆకులు రాల్చి 'చెత్త' చేస్తాయని వాటిని జాబితాల్లోంచి తీసేస్తారు. ఆ మోడుదనమే వాటి గొప్ప. ఆకులు అడ్డం లేకపోతేనే పువ్వు కనిపిస్తుంది, పిట్ట వాలుతుంది. మాఘ, ఫాల్గుణాల్లో తేనెపిట్టలు గూళ్లు కట్టుకునే వేళకు, సాలెగూటి దారాలతో ఆ వేలాడే సంచి అల్లుకునే వేళకు, చెట్టు పూయాలి. పిల్లలకు పురుగులు మేపుతూ తాను తేనె తాగే తల్లికి ఆ నెలల్లో ఆ చెట్టు కావాలి. మార్చిలో పచ్చగా కనబడే డివైడర్ మన కంటికి చల్లగా ఉండొచ్చు, ఆ తల్లి పిట్ట ఆకలి తీర్చదు.

కాబట్టి నేను అడుగుతున్నది పెద్ద కోరికేం కాదు. పొలం గట్టు మీద ఉన్న మోదుగను కొట్టేయకండి. హోలీ రంగుకు కొమ్మలు విరవకండి, రాలిన పూలు ఏరుకుంటే గంగాళం నిండుతుంది, రంగు అంతే వస్తుంది. ఊరి చెరువుకట్టకు, బడి ఆవరణకు, పోరంబోకుకు నాటే మొక్కల జాబితాలో పిట్టల పూలచెట్లు ఉండేలా పంచాయతీలో అడగండి. బూరుగ నాటితే ఒక్కటి నాటి వదిలేయకండి, ఇందాక చెప్పిన కారణం చేతనే. రెండు వేర్వేరు ఊళ్ల చెట్ల నుంచి గింజలు తెచ్చి, ఏపుగా వచ్చిన నాలుగైదు మొక్కల్ని అటూ ఇటూ పెట్టండి. దూదిలో ఉండే ఆ నల్లటి గింజ ఎక్కువకాలం నిలవ ఉండదు, కాయ పగిలిన ఎండాకాలంలో ఏరి తొలకరికే వేయాలి. మోదుగ గింజ కూడా అంతే, ఆ ఏడుది ఆ ఏడే. మోదుగ పెరగడం నిదానం, మొదటి కొన్నేళ్లు మేకల నుంచి కాపాడాలి. బాడిదకు గింజ కూడా అక్కర్లేదు. వానలు పట్టగానే చేతి మందం కొమ్మ నరికి కంచె గుంజలాగా పాతితే చిగురిస్తుంది.